అరువు పేరుతో బ్రతికిన పండు

ఆయుర్వేదంలో 'అభావ ప్రతినిధి ద్రవ్యం' అనే చక్కని మాట ఒకటి ఉంది. యోగంలో చెప్పిన మూలిక దొరకనప్పుడు, అటువంటి గుణమే కల మరొక మూలికను దాని స్థానంలో వాడుకోవచ్చునని శాస్త్రం అనుమతి ఇస్తుంది. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో ఇటువంటి ప్రతినిధుల పట్టికనే ఇచ్చాడు. ద్రాక్ష దొరకకపోతే కాశ్మరీ ఫలాన్ని, అంటే మన గుమ్మడిటేకు పండును, వాడుకోమన్నాడు. ఇక్కడ ఒక మర్యాద ఉంది. ప్రతినిధి అసలుదాని పని చేస్తుంది కాని అసలుదాని పేరు పెట్టుకోదు. గుమ్మడిటేకు పండును ద్రాక్ష అని మన వైద్యులెవరూ పిలవలేదు.

ఐరోపాలో ఒక పండు విషయంలో ఈ మర్యాద తప్పింది. ప్రతినిధిగా వచ్చిన పండు అసలుదాని పేరునే సొంతం చేసుకొన్నది. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. ఆపైన మరొక ఖండంలో ఆ పండుకు దేశబహిష్కారం పడినప్పుడు, అరువు తెచ్చుకొన్న ఆ పేరు తిరిగి మొదటి యజమాని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ పండు పేరు రెడ్ కరంట్. దాని చరిత్రను నాకు తెలిసినంతలో చదువరుల ముందుంచడమే ఈ టపా ఉద్దేశం.

నేను బడిలో తెలుగు చెప్పే రోజుల్లో పిల్లలు ఇంగ్లీషు వాచకంలోని మాటలకు తెలుగు అడగడానికి నా వద్దకు వస్తూండేవారు. ఇంగ్లీషు కథల్లో 'కరంట్ బన్ను' తరచుగా కనబడుతుంది. మన పిల్లలకు కరంటు అంటే దీపం వెలిగించేది, వానాకాలంలో పోయేది. బన్నులోనిది ఎండుద్రాక్ష అని చెబితే నవ్వుకొని వెళ్ళేవారు. కాని అదే కథలో ఇంటి వెనుక తోటలో కరంట్ పొదలు, వాటికి ఎర్రని పళ్ళ గుత్తులు కనబడితే చిక్కు వచ్చేది. ద్రాక్ష తీగ కదా, పొద ఎలా అయింది? ఆ ప్రశ్నకు జవాబు నిఘంటువులో ఒక్క మాటలో దొరకదు. దాని వెనుక అయిదారు వందల ఏళ్ళ కథ ఉంది.

ముందు మొక్కను పరిచయం చేస్తాను. రెడ్ కరంట్ ముళ్ళు లేని చిన్న పొద. నాలుగైదు అడుగుల ఎత్తు పెరుగుతుంది. ఆకు అరచేతిలా అయిదు భాగాలుగా చీలి ఉంటుంది. వసంతంలో ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు పూలు, చూపరుల దృష్టికి ఆననంత చిన్నవి, వ్రేలాడే గెలలుగా పూస్తాయి. ఎండాకాలం నడుమ ఆ గెలలే ఎర్రని పళ్ళ గుత్తులవుతాయి. ఒక్కో పండు సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. తోలు ఎంత పలుచనిదంటే, వెలుతురుకు ఎదురుగా పట్టుకొంటే లోపలి గింజలు కనబడతాయి. కెంపులతో పోల్చడానికి కవి కానక్కరలేదు. రుచి మాత్రం పులుపు. తెల్ల కరంట్ అని మరొకటి ఉంది కాని అది వేరు జాతి కాదు, రంగు కోల్పోయిన ఎర్రదే. నల్ల కరంట్ మాత్రం వేరే జాతి. దాని వాసన ఘాటు, గుణాలు కూడా వేరు. ఈ భేదాన్ని చదువరులు గుర్తుంచుకోవాలి, కథలో ముందుముందు దీనితో పని ఉంది.

సాగు సులువు. ఆకు రాలిన తరువాత ఆ ఏడు పెరిగిన కొమ్మను జానెడు పైచిలుకు కత్తిరించి, అడుగున ఉన్న మొగ్గలను గిల్లివేసి, నేలలో సగానికి పైగా గుచ్చితే వేరు పోసుకొంటుంది. పండ్లు ఎక్కువగా రెండు మూడేళ్ళ కొమ్మల మీద కాస్తాయి కనుక ముదిరిన కొమ్మలను ఏటేటా కొన్ని తీసివేసి, పొద నడుమ గాలి ఆడేలా గిన్నె ఆకారంలో ఉంచుతారు. బాగా కాచిన పొద మూడు నాలుగు కిలోల పండ్లనిస్తుంది. ఇతర పండ్లచెట్లు ఓర్వలేని నీడను ఇది ఓర్చుకొంటుంది. ఉత్తరపు గోడ నీడన కూడా కాస్తుంది. ఓర్వలేనిది వేడినే. శీతకాలంలో కొన్ని వందల గంటలు గట్టి చలి తగిలితేనే గాని దాని మొగ్గ నిద్ర లేవదు. అందువల్ల మన మైదానాల్లో దీనికి చోటు లేదు. దీని దాయాదులు మాత్రం కాశ్మీరు, లడఖ్, హిమాచల్ కొండల్లో అడవి పొదలుగా ఉన్నాయి.

ఇక పేర్ల సంగతి. వృక్షశాస్త్రంలో ఈ ప్రజాతికి 'రైబీస్' అని పేరు. చూడడానికి లాటిన్ మాటలా ఉన్నా ప్రాచీన రోమనులకు ఈ మాట తెలియదు. గ్రీకు రోమను గ్రంథకర్తలెవరూ ఈ పండును ప్రస్తావించలేదు. ఇది చల్లని ఉత్తర, పశ్చిమ ఐరోపా అడవులలోని మొక్క. ఆ పేరుకు మూలం అరబ్బీలోని 'రీబాస్' అని ఎక్కువమంది అంగీకరించిన మాట. రీబాస్ అన్నది పొదా కాదు, పండూ కాదు. లెబనాన్, సిరియా, ఇరాన్ కొండల్లో పెరిగే ఒక కందమూల మొక్క. దాని పుల్లని ఆకుకాడలను తింటారు. ఆ కాడల రసాన్ని కాచి చిక్కబరచిన పానకం జ్వరతాపానికి, వాంతులకు, దాహానికి మందుగా అరబ్బు వైద్యంలో ప్రసిద్ధం. ఇబ్న్ సీనా వంటి మహావైద్యుల గ్రంథాలు లాటిన్‌లోకి వెళ్ళినప్పుడు ఈ రీబాస్ కూడా మాటగా ఐరోపా చేరింది. మాట చేరింది కాని మొక్క చేరలేదు. లెబనాన్ కొండల మీది కాడ జర్మనీలోని మందుల దుకాణానికి ఎలా వస్తుంది? అక్కడి వైద్యులు ఏం చేశారంటే, తమకు దొరికే పండ్లలో ఎర్రగా, పుల్లగా, చలువచేసేదిగా ఉన్న దానిని వెదికి, ఆ రసంతో పానకం కాచారు. సీసా మీద మాత్రం రైబీస్ అనే వ్రాసుకొన్నారు. పానకం పేరు పండుకు, పండు పేరు పొదకు అంటుకొన్నాయి.

ఈ రీబాస్ మనకు పూర్తిగా పరాయిది కాదు. మూలికల కొట్లలో రేవల్చిన్ని అనే పసుపుపచ్చని వేరు అమ్ముతారు, విరేచనానికి వాడతారు. పారసీకంలో 'రేవంద్-ఇ-చీనీ', అంటే చీనా దేశపు రేవంద్, మన నోటిలో పడి రేవల్చిన్ని అయింది. రేవల్చిన్ని, రీబాస్ ఒకే కుటుంబంలోని రెండు మొక్కలు. ఒకదాని వేరు మందు, రెండవదాని కాడ మందు. పారసీక అరబ్బీ వైద్యులు రెండింటినీ ఎరుగుదురు. తూర్పుగా వచ్చిన మాట మన పచారీ కొట్లో అసలు వస్తువుతోనే నిలిచింది. పడమరగా వెళ్ళిన మాట వస్తువును మార్చుకొన్నది.

ఈ తారుమారు సంగతి ఐరోపావారికి తెలియక పోలేదు. లియోన్‌హార్ట్ రౌవోల్ఫ్ అనే జర్మను వైద్యుడు 1573లో బయలుదేరి సిరియా, ఇరాకు దేశాల్లో తిరిగి, లెబనాన్ పర్వతం మీద అసలు రీబాస్‌ను కళ్ళారా చూసి గుర్తించాడు. అయినా అప్పటికి కాలం మించిపోయింది. జనం నోట పాతుకొన్న పేరును ఒక పండితుడి సాక్ష్యం పెకలించలేదు. 1753లో స్వీడన్ దేశపు లిన్నేయస్ మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెడుతూ ఇరువురికీ న్యాయం చేశాడనే చెప్పాలి. ఎర్ర పండు పొదకు 'రైబీస్ రుబ్రమ్' అన్నాడు. లెబనాన్ మొక్కకు 'రీయమ్ రైబీస్' అన్నాడు. ఒకే గ్రంథంలో అసలు, ప్రతినిధి ఇద్దరూ ఒకే పేరును పంచుకొన్నారు. అయితే ప్రతినిధికి అది ఇంటిపేరు అయింది, అసలుదానికి చివరన తగిలించిన బిరుదుగా మిగిలింది.

రెండవ పేరు కరంట్. దీని పుట్టుక గ్రీసులోని కోరింత్ నగరంలో. ఆ ప్రాంతపు రేవుల నుంచి గింజలేని చిన్న నల్ల ఎండుద్రాక్షలు మధ్యయుగంలోనే ఇంగ్లండుకు దిగుమతి అయ్యేవి. 'కోరింత్ ద్రాక్షలు' అన్న మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు వాడుకలో అరిగి అరిగి కరంట్ అయింది. అవి ఖరీదైన సరుకు, పండుగ వంటల్లో వేసేవి. 16వ శతాబ్దిలో ఎర్ర పండు పొద ఇంగ్లీషు తోటల్లోకి వచ్చినప్పుడు, చిన్న గుండ్రని పండ్లు గుత్తులుగా వ్రేలాడడం చూసి, ఆ ఎండుద్రాక్షలు ఈ పొదకే కాస్తాయని కొందరు భ్రమించారు. 1578లో ఒక మూలికా గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన హెన్రీ లైట్ వీటిని కోరింత్ ద్రాక్షలకు నకిలీలుగా పేర్కొన్నాడు. జాన్ పార్కిన్‌సన్ 1629లో వెలువరించిన తోటపని గ్రంథంలో, దుకాణాల్లో అమ్మే కరంట్లు వేరు, తోటలోని ఈ కరంట్లు వేరు అని పాఠకులను ప్రత్యేకంగా హెచ్చరించవలసి వచ్చింది. హెచ్చరిక నిలిచింది, పొరపాటు కూడా నిలిచింది. నాటి నుంచి ఇంగ్లీషులో ఒకే మాటకు రెండు పండ్లు.

ఇతర భాషలవారు ఈ పండును పిలిచిన తీరు చూస్తే ఎవరి దృష్టి ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. జర్మనులు 'యొహానిస్‌బేరె' అంటారు. యోహాను పండుగ జూన్ 24న వస్తుంది, ఆనాటికి ఇది పండుతుంది కనుక ఆ పేరు. మనం సంక్రాంతి గుమ్మడి అన్నట్లే. స్వీడన్‌వారు 'వైను పండు' అన్నారు, వారి దృష్టి సీసా మీద. ఆస్ట్రియావారి 'రిబిస్ల్', హంగరీవారి 'రిబిజ్లి', డేనులు పలికే 'రిబ్స్', ఇటలీలోని 'రిబెస్' అన్నీ ఆ అరబ్బీ రీబాస్ సంతానమే. లెబనాన్ మొక్క ఎన్నడూ చూడని డెన్మార్కు పల్లెలో దాని పేరు రోజూ వినబడుతుంది. పేరు చేసినంత ప్రయాణం మొక్క చేయదు.

మందుగా మొదలైన పండు క్రమంగా వంటింటికి చేరింది. 15వ శతాబ్దపు జర్మను మూలికా గ్రంథాల్లో కనబడే ఈ పొదను, 1536లో ఫ్రాన్సు దేశపు జాన్ రుయెల్ తోటకు అంచుగా నాటదగినదని మెచ్చుకొన్నాడు. డచ్చి తోటమాలులు మేలురకాలను ఎంపిక చేసి పెంచారు. ఇంగ్లండులో హాట్‌ఫీల్డ్ భవనపు తోట కోసం జాన్ ట్రాడెస్కాంట్ 1611లో హాలెండు వెళ్ళి కొనుక్కొచ్చిన మొక్కల్లో కరంట్లు కూడా ఉన్నాయి.

వంటింట్లో దీని బలమంతా పెక్టిన్‌లో ఉంది. పండ్లలో ఉండే ఈ పదార్థం పులుపు, చక్కెర తోడైనప్పుడు రసాన్ని గడ్డకట్టిస్తుంది. రెడ్ కరంట్‌లో పెక్టిన్, పులుపు రెండూ సమృద్ధిగా ఉన్నాయి. అందువల్ల రసం తీసి, సరిపాళ్ళుగా చక్కెర వేసి కాచితే, ఇంకేమీ కలపకుండానే, చల్లారేసరికి అద్దంలాంటి ఎర్రని జెల్లీ అవుతుంది. ఇంగ్లండులో దానిని మాంసపు కూరల పక్కన వడ్డిస్తారు, మనం ఆవకాయ వేసుకొన్నట్లు. 1747లో అచ్చయిన హన్నా గ్లాస్ పాకశాస్త్రంలోనే కరంట్ జెల్లీ చేసే పద్ధతి ఉంది. డెన్మార్కులో ఈ పండ్ల రసంతో ఎర్రని అంబలి కాచి మీగడతో తింటారు. ఆ వంటకం పేరు పలకమని పరదేశీయులను నిలదీసి నవ్వుకోవడం వారికి వేడుక. మన 'ళ'కారంతో మనం ఉత్తరాదివారిని పరీక్షించినట్లే.

వీటన్నిటిలో ఓర్పుకు పరాకాష్ఠ ఫ్రాన్సులోని బార్-ల-డ్యూక్ పట్టణంలో ఉంది. అక్కడ ఒక్కొక్క పండు తోలుకు సన్నని గాటు పెట్టి, చెక్కిన బాతు ఈకతో గింజలను బయటికి తీస్తారు. పండు చితకరాదు, ఆకారం చెడరాదు. అలా గింజ తీసిన పండ్లను చక్కెర పాకంలో క్షణకాలం ఉంచి చిన్న గాజు పాత్రలకు ఎత్తుతారు. ఇది 14వ శతాబ్దం నుంచి తమ ఊరి విద్య అని ఆ పట్టణంవారు గర్వంగా చెప్పుకొంటారు. సెంటీమీటరు పండులో గింజ తీయడానికి ఈక పట్టుకొని కూర్చున్న ఆడవారి చేతులను తలచుకొంటే, చలిమిడి ముద్దకు నగిషీలు చెక్కే మన ముత్తైదువులు నాకు జ్ఞాపకం వస్తారు.

ఇక కథ సముద్రం దాటుతుంది. మసాచుసెట్స్ బే కంపెనీవారు న్యూ ఇంగ్లండుకు పంపవలసిన సామగ్రికి 1629లో ఒక జాబితా వ్రాసుకొన్నారు. విత్తనాలు, పండ్ల గింజలతో పాటు కరంట్ మొక్కలు కూడా అందులో ఉన్నాయి. కొత్త దేశంలో ఇల్లు కట్టుకొనేవాడు వెంట తీసుకొనిపోయే మొక్కల్లో అది ఒకటన్నమాట. కొత్త గడ్డ దానికి అచ్చివచ్చింది. లూయీసా మే ఆల్కాట్ 'లిటిల్ విమెన్' రెండవ భాగం, 1869లో వెలువడినది, చదివినవారికి గుర్తుండే ఉంటుంది. కొత్త కాపురం పెట్టిన మెగ్ తన తోటలో కాచిన కరంట్లతో జెల్లీ చేయబూని, అది గడ్డకట్టక కన్నీరు పెట్టుకొంటుంది. కెనడా నేపథ్యంతో 1908లో వచ్చిన 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' నవలలో రాస్ప్‌బెర్రీ పానకమనుకొని ఆన్ తన నేస్తానికి కరంట్ వైను పోసి మత్తెక్కిస్తుంది. ఇక్కడా ఈ పండు మరొకదానికి ప్రతినిధిగానే వచ్చింది చూడండి! రచయిత్రులిద్దరూ కరంట్ అంటే ఏమిటో వివరించలేదు. వివరించనక్కరలేదు. ఆనాడు అది ప్రతి పెరటి పండు.

అటువంటి పండు రెండు తరాల్లో ఆ దేశపు నోటికి దూరమైంది. కారణం చీడ కాదు, కరువు కాదు. ప్రభుత్వ శాసనం.

అమెరికా ఈశాన్య అడవుల్లో తెల్ల దేవదారు అనదగిన ఒక చెట్టు ఉంది, వైట్ పైన్ అంటారు. నిటారుగా, అతి ఎత్తుగా పెరుగుతుంది. ఓడల స్తంభాలకు, ఇళ్ళకు అదే కలప. 19వ శతాబ్దంలో ఆ అడవులను విచ్చలవిడిగా నరికారు. శతాబ్దం ముగిసేనాటికి తిరిగి నాటాలనే వివేకం కలిగింది. నాటడానికి నారు చవకగా కావలసి వచ్చింది. ఆ చెట్టు ఎప్పుడో ఐరోపా వెళ్ళి అక్కడి నర్సరీల్లో పెరుగుతూ ఉంది కనుక, అమెరికా చెట్టు నారును అమెరికావారు జర్మనీ, ఫ్రాన్సుల నుంచి కొన్నారు. ఆ నారు వెంట ఒక శిలీంధ్రం వచ్చింది. పైన్ బెరడు మీద పొక్కులు లేపి చెట్టును చంపే త్రుప్పు తెగులు అది. 1906లో న్యూయార్కు రాష్ట్రంలోని జెనీవాలో, కరంట్ జాతి మొక్కల ఆకుల మీద దానిని కనుగొన్నారు. 1910లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నారుతో పడమటి తీరాన వాంకూవర్‌లో కూడా అది దిగింది. అది అక్కడ బయటపడింది 1921లో.

ఈ తెగులు జీవన విధానం విచిత్రమైనది. పైన్ నుంచి పైన్‌కు అది నేరుగా సోకదు. పైన్ బెరడు మీద పుట్టిన బీజరేణువులు గాలిలో వందల మైళ్ళు ప్రయాణించి కరంట్ జాతి ఆకు మీద వాలాలి. అక్కడ వేసవి గడిపి, శరత్కాలంలో మరొక రకం రేణువులుగా మారి తిరిగి పైన్ సూదులను చేరాలి. ఈ రెండవ రకం రేణువులు సుకుమారమైనవి. తడిగాలిలో కొద్దిదూరమే బ్రతుకుతాయి. అధికారులు ఈ లెక్కను పట్టుకొన్నారు. పైన్ విలువ కోట్ల డాలర్లు. కరంట్ విలువ పెరటి జెల్లీ. పైన్ చుట్టూ 900 అడుగుల మేర కరంట్ జాతి లేకుండా చేస్తే గొలుసు తెగుతుంది. లెక్క సరిగానే ఉంది.

1912లో మొక్కల దిగుమతిని నియంత్రించే చట్టం వచ్చింది. దానికింద జారీ అయిన మొదటి ఆంక్ష ఈ తెగులు గురించినదే. కరంట్ల పెంపకం మీద సమాఖ్య ప్రభుత్వమూ రాష్ట్రాలూ నిషేధాలు పెట్టాయి. తనిఖీదారులు పెరళ్ళలోకి వచ్చి పొదలు తీయించారు. 1933లో మహామాంద్యం నాటి నిరుద్యోగ యువకులతో ఏర్పడిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ దళాలకు ఈ పని అప్పగించారు. యువకులు అడవిలో వరుసకట్టి, నూలుదారం లాగి గళ్ళు చేసుకొని, గడ్డపారలతో పొద పొదనూ వేళ్ళతో పెకలించారు. కోట్ల సంఖ్యలో మొక్కలు పోయాయి. ఐరోపా నుంచి వచ్చినవే కాదు, ఆ గడ్డ మీద పుట్టిన అడవి కరంట్లు కూడా పోయాయి. అక్కడి ఆదివాసులు వాటి పండ్లను ఎండబెట్టి మాంసంతో దంచి నిలవ చేసుకొనేవారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత గడ్డపారకు తోడు కలుపుమందులు వచ్చాయి. విధి విలాసం ఏమంటే, దళాలు ఏర్పడిన 1933లోనే మిన్నెసోటావారు 'రెడ్ లేక్' అనే మేలైన రెడ్ కరంట్ రకాన్ని లోకానికి ఇచ్చారు.

ఇక్కడ న్యాయాన్యాయ విచారణ కొంత అవసరం. తెగులును బాగా పట్టుకొని వ్యాపింపజేసేది ముఖ్యంగా నల్ల కరంట్. రెడ్ కరంట్ రకాలు చాలావరకు దానిని తట్టుకొంటాయి. అయినా ఇంటిపేరు ఒకటే కనుక శిక్ష కూడా ఒకటే పడింది. తెగులును తెచ్చింది కరంట్ కాదు, దిగుమతి అయిన పైన్ నారు. ఆ నారు తెప్పించవలసి రావడానికి కారణం అడవిని నరికిన గొడ్డలి. గొడ్డలి మీదా, బేరం మీదా నేరం మోపడం కష్టం. పెరటి పొద మీద మోపడం తేలిక.

ఫలితం మాటకు వస్తే, తూర్పు రాష్ట్రాల్లో ఆ శ్రమ వల్ల పైన్‌కు కొంత మేలు జరిగింది. పడమటి కొండల్లో జరగలేదు. కరంట్ గింజ మట్టిలో దశాబ్దాలపాటు నిద్రపోయి మళ్ళీ మొలవగలదు. ఒక కొండ వాలు శుభ్రం చేసి తిరిగి చూసేసరికి అక్కడ మొలకలు. 1966లో సమాఖ్య ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేసి ఇష్టాయిష్టాలను రాష్ట్రాలకు వదిలింది. 1950ల నుంచి వనశాస్త్రజ్ఞులు తెగులును తట్టుకొనే పైన్ చెట్లనే ఎంపిక చేసి పెంచడం మొదలుపెట్టారు. ఇది దూరమైన దారి కాని అసలైన దారి. న్యూయార్కు రాష్ట్రం 2003లో తలుపు తెరిచింది. న్యూ హాంప్‌షైర్, మెయిన్ వంటి చోట్ల నియంత్రణలు ఇంకా ఉన్నాయి. ఆపైన 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన విషయం మరీ విశేషం. అమెరికా అడవుల్లో ఈ శిలీంధ్రం కరంట్‌తో సంబంధం లేని రెండు పూలమొక్కల ప్రజాతుల మీద కూడా సహజంగా బ్రతుకుతోందట. కరంట్ దొరకని చోట శిలీంధ్రం తనకు తానే ప్రతినిధి ద్రవ్యాన్ని సమకూర్చుకొన్నది!

శాసనం తొలగినా రుచి తిరిగి రాలేదు. రుచి అన్నది అమ్మమ్మ చేతి నుంచి మనవరాలి నోటికి అందే వస్తువు. నడుమ ఒక తరంలో పొద లేకపోతే జెల్లీ చేసే చేయి లేదు. చేయి లేకపోతే అడిగే నోరు లేదు. బ్రిటనులో ఊదారంగు మిఠాయి నోట వేసుకొంటే నల్ల కరంట్ రుచి వస్తుంది. అమెరికాలో అదే రంగు మిఠాయికి ద్రాక్ష రుచి. ఇప్పుడు అమెరికా దుకాణంలో కరంట్లు ఇమ్మని అడిగితే సాధారణంగా ఇచ్చేది చిన్న నల్ల ఎండుద్రాక్షల పొట్లం. అంటే ఆ పేరు నాలుగు వందల ఏళ్ళ ప్రవాసం ముగించి తిరిగి కోరింత్ ద్రాక్ష ఇంటికే చేరింది. నేడు మెగ్ కన్నీటి ఘట్టం చదివే అక్కడి పిల్లలు, ఎండుద్రాక్షతో జెల్లీ చేయడమేమిటని ఆశ్చర్యపోయినా తప్పు పట్టలేము. మాట పుస్తకంలో నిలిచి ఉండగానే అర్థం జారిపోయింది.

ఈ అరువు పేరు మన గడప కూడా త్రొక్కింది. ఇంగ్లీషువారు మన దేశానికి వచ్చినప్పుడు కూర పక్కన ఎర్రని జెల్లీ లేక విలవిలలాడారు. వెదకగా వారికి వాక్కాయ దొరికింది. వాక్కాయ పులుపుదీ, పెక్టిన్ ఉన్నదీ, పండితే ఎర్రబారి నలుపెక్కేదీ. దానితో జెల్లీ కాచి రెడ్ కరంట్ జెల్లీకి బదులుగా వాడుకొని, చివరకు ఆ చెట్టుకు 'బెంగాల్ కరంట్' అని పేరే పెట్టారు. కరంట్‌కు సోదరి అయిన గూజ్‌బెర్రీ పేరు మన ఉసిరికకు తగిలించారు. సామర్లకోటలో ఉండి మన తీరపు మొక్కలను చిత్రింపజేసిన విలియం రాక్స్‌బర్గ్ గ్రంథంలో వాక్కాయ చిత్రం ఉంది. సంస్కృతంలో అది కరమర్దం. దానికి తన పేరు తనకు ఉంది. శాస్త్రనామంలోని 'కరండాస్' కూడా ఈ దేశపు మాటే. అందువల్ల బెంగాల్ కరంట్ అన్న పేరు మనకు అంటలేదు.

కాని మరొకటి అంటుకొంది. మిఠాయి కొట్లలో, బేకరీల్లో, కేకు మీదా బన్నులోనూ మెరిసే ఎర్రని 'చెర్రీ'లు ఉన్నాయి కదా, వాటిలో చాలా భాగం గింజ తీసి, రంగు వేసి, పాకంలో ఊరబెట్టిన వాక్కాయలే. పిల్లవాడు చెర్రీ అని చప్పరిస్తున్నది తాత పెరట్లో ముళ్ళకంచెగా ఉన్న వాక్కాయనే. అమెరికాలో పేరు మిగిలి పండు పోయింది. మన దగ్గర పండు మిగిలి పేరు పోతున్నది. రెండింటిలో ఏది పెద్ద నష్టమో నేను తేల్చలేను. పండు పోతే శాసనం మార్చి మళ్ళీ నాటుకోవచ్చు, ఒక కొమ్మ గుచ్చితే చాలు. పేరు పోయిన పండును మాత్రం ఎవరూ నాటరు. అది ఉన్నదని తెలిసినప్పుడు కదా నాటడం!

వానాకాలం వస్తే వాక్కాయ పప్పు, వాక్కాయ పచ్చడి చేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అటువంటి ఇంటివారు పిల్లల చేతికి బన్నులోని చెర్రీని, పెరటి వాక్కాయను పక్కపక్కన ఇచ్చి, రెండూ ఒకటేనని చెబితే చాలు. భావమిశ్రుడి మర్యాద నిలుస్తుంది. ప్రతినిధిని వాడుకొందాం, తప్పులేదు. దాని పేరుతో దానిని పిలుద్దాం. మీ మీ ఊళ్ళలో పొదలకూ కంచెలకూ కాసే పండ్ల పేర్లు, బలుసు, పరికి, కలే వంటివి, ఇంకా ఏవి వాడుకలో ఉన్నాయో చదువరులు వ్రాస్తే సంతోషిస్తాను.